నిరుటి నీళ్ళు

మా వీధి ఆడవాళ్ళు బ్రాందీ సీసాలు పోగుచేయడం మొదలుపెట్టింది నా మాట మీదే. ఎవరడిగినా దాచను.

పాండిచ్చేరి కురుచికుప్పంలో సముద్రానికి రెండు వీధులివతల మా కొట్టు. తాళ్ళు, కొవ్వొత్తులు, గాలాలు, పప్పులు, ఉప్పు అన్నీ ఉంటాయి. మావారు పోయాక నేనే చూసుకుంటున్నాను. కొట్టు పైన మేడగదిలో నాగశ్రీ అద్దెకుంటుంది. యానాం పిల్ల. ఊరవతల ఉన్న సర్కారు యూనివర్సిటీలో పరిశోధన చేస్తుంది. అదేం చదువో మొదట్లో నాకు అంతుపట్టలేదు. గదిలో పుస్తకాలు తక్కువ, చేదలూ తాళ్ళూ ఎక్కువ.

ప్రతి అమావాస్యకీ సముద్రం ఒడ్డున ఉన్న తాయమ్మాళ్ ఇంటి బావితో మొదలుపెట్టి, వీధి వీధీ లోపలికి వస్తూ, ఇందిరా నగర్ దాకా కొన్ని ఇళ్ళలో నీళ్ళు పట్టేది. కొన్ని బావులు, కొన్ని బోర్లు. భూమిలోపల ఉప్పునీళ్ళు ఊరిమీదికి ఎంత దూరం వస్తున్నాయో, ఏ ఎండాకాలానికి ఏ వీధి దాటుతున్నాయో కనిపెట్టాలట. అమావాస్యకి సముద్రం పోటు మీద ఉంటుంది కాబట్టి ఆ రోజే తోడాలట.

"అమావాస్య పూట ఏంది పిల్లా ఈ పని?" అన్నాను మొదటిసారి. మా తెలుగిళ్ళలో అమావాస్యనాడు కొత్త పని తలపెట్టం.

కొట్టు ముందు చేపల గంప దించుకున్న తాయమ్మాళ్ నవ్వింది. అరవవాళ్ళకి అమావాస్యే మంచిరోజు. నాతో మాట్లాడీ మాట్లాడీ ఆవిడకి తెలుగు వచ్చేసింది. "మీ తెలుగోళ్ళకి అన్నిటికీ భయమే అక్కా. నువ్వు రా పాపా, మా బావిలోనే ముందు తోడు," అని గంప నా అరుగు మీదే వదిలేసి ఆ పిల్లని వెంటబెట్టుకుపోయింది.

మొదటి ఏడు యూనివర్సిటీ జీపు వచ్చేది. మోయడానికి ఒక అటెండరు, పెట్టెనిండా సీసాలు. నీళ్ళు పట్టిన వారంలోనే యంత్రంలో పెట్టి ఉప్పెంతో చూసేవాళ్ళు. రెండో ఏడు జీపు ఆగిపోయింది. అటెండరు రిటైరయ్యాడు, ఆ చోట ఇంకొకరిని వెయ్యలేదు. తర్వాత యంత్రం చెడిపోయింది. ఆ తర్వాత సీసాలు కూడా రాలేదు.

"గ్రాంటు రాలేదండి పిన్నిగారూ," అనేది నాగశ్రీ. పెళ్ళివారి బండి ఇంకా రాలేదన్నట్టు, కాసేపట్లో వచ్చేస్తుందన్నట్టు అనేది.

యంత్రం బాగయ్యేదాకా నీళ్ళు నిలవ ఉంచాలి. మంచినీళ్ళు కొనుక్కున్న ప్లాస్టిక్ సీసాల్లో పట్టి ఉంచుదామంటే వాళ్ళ ప్రొఫెసరు వద్దన్నాడు. పల్చటి ప్లాస్టిక్‌లో నెలల తరబడి ఉంటే నీళ్ళు కాస్త కాస్త ఆవిరైపోతాయి, ఉన్నదానికంటే ఉప్పు ఎక్కువగా చూపిస్తుంది. గాజు కావాలి, మూత బిర్రుగా పట్టాలి. ఆ గాజు సీసాలు కొనడానికి డబ్బు లేదు. నాగశ్రీ మెట్ల మీద కూర్చుని ఈ సంగతంతా చెప్పి, ఈ అమావాస్యకి ఎలా అని తల పట్టుకుంది.

"గాజు సీసాలకి పాండిలో కరువా?" అన్నాను.

పక్కనే కూర్చున్న తాయమ్మాళ్ నా మొహం చూసి, నాగశ్రీ మొహం చూసి, పకపకా నవ్వింది. "అక్కా, సీసాల ఫ్యాక్టరీ మా ఇంట్లోనే ఉండాది. ఆయన రోజూ ఖాళీ చేస్తాడు, నేను రోజూ తిడతా. ఇంకమీద తిట్టను. చదువు కోసం తాగుతుండాడని చెప్పుకుంటా."

అట్లా మొదలైంది. ఏ ఇంట్లో నీళ్ళు పట్టాలో ఆ ఇంటి ఆడదే క్వార్టర్ సీసా చూసుకునేది. చింతపండుతో తోమి, ఉడుకునీళ్ళలో వేసి, ఎండబెట్టి ఉంచేది. అమావాస్యనాడు ఆ బావినీళ్ళతోనే సీసా తొలిచి, మళ్ళీ నిండా పట్టి మూత బిగించేది. మూత చుట్టూ నేను కొట్టులోని కొవ్వొత్తి కరిగించి మైనం పోసేదాన్ని. నాగశ్రీ వీధి, ఇల్లు, నెల రాసిన కాగితం అంటించేది. ఒక్కోసారి సీసా మీది పాత లేబులు సగమే ఊడేది. అప్పుడు నాగశ్రీ కాగితం కింద గుర్రం బొమ్మో, రాజుగారి టోపీయో తొంగిచూస్తుండేది.

ఆ వరసలో ఆఖరి ఇల్లు ఇందిరా నగర్‌లో దామోదరానిది. దామోదరం మాకు దూరపు చుట్టం, నన్ను అక్కా అంటాడు. ఆ యూనివర్సిటీ ఆఫీసులోనే ఆఫీసరు. పచ్చని క్యాంపస్ పథకం అతని కిందే నడుస్తుంది. వాళ్ళ ఇంటి బోరు నీళ్ళు అతని భార్య అలివేలు పట్టి, గుడ్డలో చుట్టి ఇచ్చేది. "ఆయనకి తెలియనీకు వదినా. సీసాలు యాడికి పోతున్నాయని లెక్క చూసుకుంటాడు," అనేది.

*

ఒక అమావాస్య మర్నాడు నాగశ్రీతో పాటు సీసాల సంచులు మోసుకుని నేనూ యూనివర్సిటీకి వెళ్ళాను. టౌన్ బస్సు కుదిపినప్పుడల్లా సంచి గలగలమంది. కండక్టరు నా తెల్లజుట్టూ సంచీ చూసి, "ఏం పాట్టీ, సరుకు యాడికి?" అన్నాడు, అవ్వని అరవంలో పిలుస్తూ. బస్సంతా నవ్వింది.

"యూనివర్సిటీకి. పరీక్షకి," అన్నాను.

"అక్కడ కూడా మొదలుపెట్టేశారా!" అన్నాడు.

గేటు దగ్గర దిగితే కళ్ళు చెదిరాయి. పాత గేటు బాగానే ఉండేది. దాన్ని తీసేసి నల్లరాతితో ఇంత ఎత్తు తోరణం కట్టారు. అక్షరాలు పెద్దతనంలో నేర్చుకున్నదాన్ని కనక దారిలో కనబడ్డ ఏ బోర్డునీ చదవకుండా వదలను. తోరణం కింద రాతిపలక మీద ఎవరు శంకుస్థాపన చేశారో, ఎవరు ప్రారంభించారో, ఎవరి సమక్షంలోనో, వరసగా పేర్లున్నాయి. లోపల పచ్చిక. పచ్చిక మధ్య నీళ్ళు చిమ్మే ఫౌంటెన్. ఊళ్ళో నీళ్ళు ఉప్పెక్కుతుంటే ఇక్కడ మంచినీళ్ళు గాల్లోకి చిమ్ముతున్నారు. పక్కన ఇంకో బోర్డు: 'పచ్చదనమే మన భవిష్యత్తు.'

నాగశ్రీ వాళ్ళ డిపార్ట్‌మెంటు ఆ పచ్చిక వెనకాల పాత మిద్దె. గదిలో పైకప్పు నుంచి చుక్కలు పడుతుంటే కింద బకెట్టు పెట్టారు. మూల యంత్రానికి దుప్పటి కప్పి ఉంచారు, జబ్బుపడ్డ మనిషికి కప్పినట్టు. సీసాలు లోపల పట్టక వరండా గోడవారన బల్లలు వేసి వరసలుగా పేర్చారు. వరండా ఈ చివర్నుంచి ఆ చివరిదాకా అవే.

"తోరణానికి డబ్బుంది, దీనికి లేదా?" అన్నాను.

"అది కట్టడాలకి వచ్చే డబ్బండి. వేరే ఖాతా. అందులోంచి యంత్రం బాగుచేయించకూడదు, జీతాలివ్వకూడదు. మార్చి ఆఖరికి ఖర్చు కాకపోతే వెనక్కి పోతుంది. అందుకని ప్రతి మార్చిలోనూ ఏదో ఒకటి కడతారు. నడపడానికి ఇచ్చే డబ్బే ఏటికేడు తగ్గిపోతోంది. మిగతాది మీరే సంపాదించుకోండి అన్నారు. అందుకే ఫీజులు పెంచారు. ఆడిటోరియం పెళ్ళి రిసెప్షన్లకి అద్దెకిస్తున్నారు."

నాకు ఒళ్ళు మండింది. పెళ్ళి పందిరికి డబ్బిచ్చి, వంటకి మాత్రం మీ తిప్పలు మీరు పడండి, పందిరి డబ్బుతో ఒక్క గింజ కొన్నా ఒప్పుకోం అన్నట్టుంది. తిండి లేని ఇంటికి తోరణమెందుకు?

వాళ్ళ ప్రొఫెసరు హర్షవర్ధన్ బయటికొచ్చి దండం పెట్టాడు. నెమ్మదైన మనిషి. ఒకప్పుడు అరడజను మంది పనిచేసిన చోట ఇప్పుడు ఆయనొక్కడే మిగిలాడు. ఆయనా వచ్చే ఏడు రిటైరవుతాడు. "యంత్రం బాగుకి మంజూరు అడిగామమ్మా. ఈసారి తప్పకుండా వస్తుంది. వచ్చిన రోజున వీటన్నిటినీ వరసపెట్టి చూసేస్తాం. ఈ వరండాలో మీ ఊరి చరిత్ర ఉంది," అన్నాడు. బ్రాందీ సీసాల వంక అంత మర్యాదగా చూసిన మగవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

నాగశ్రీకి పట్టా రావాలంటే ఆ సీసాల్లోని ఉప్పు తేలాలి. ఆమె ఫెలోషిప్‌కి ఇంకొన్ని నెలలే ఉంది. ఆ పిల్ల బతుకు ఆ వరండాలో నిలబడి ఉంది.

*

వేసవిలో యూనివర్సిటీకి కమిటీ వస్తోందన్నారు. పెద్ద కమిటీ, పైనుంచి. వాళ్ళు వేసే మార్కుల్ని బట్టే గ్రాంటు. నెల రోజుల ముందునుంచే సున్నాలు, రంగులు. వాళ్ళు వచ్చే ముందురోజు నాగశ్రీని, మిగతా పరిశోధన పిల్లల్ని పట్టుచీరలు కట్టుకుని తెల్లవారకముందే రమ్మన్నారు. రిహార్సలుకి తోరణం కింద పూలతో ముగ్గు వెయ్యాలట. ఆ నెల సీసాలు ఇంకా నా కొట్టులోనే ఉన్నాయి. "నేను తెచ్చిస్తాలే," అన్నాను.

పొద్దున్నే వెళ్ళాను. డిపార్ట్‌మెంటు ముందుకి వచ్చేసరికి వరండా బల్లలు ఖాళీగా కనబడ్డాయి. యంత్రం బాగైందేమో, లోపల పెట్టారేమో అని ఒక్క క్షణం సంతోషపడ్డాను కూడా.

పచ్చిక అంచున కాంట్రాక్టు ఆడకూలీలు వరసగా గొంతుక్కూర్చున్నారు. ఒకామె కత్తితో మూతచుట్టూ మైనం గీకి పారేస్తోంది. పక్కామె మూత తిప్పుతోంది. మూడో ఆమె గడ్డిలోకి వంచుతోంది. ఖాళీ సీసాని గోనెలో వేస్తున్నారు. నెల్లితోపు పాత సామాన్లవాడి మూడుచక్రాల బండి పక్కన నిలబడి ఉంది. ఖాళీవైతేనే తీసుకుంటానన్నాడట. తడిసిన కాగితం ముక్కలు గడ్డంతా అంటుకుపోయి ఉన్నాయి.

"ఆపండే! ఎవరు చెప్పారు మీకు?" అని అరిచాను. నా సంచి కింద పడి లోపలి సీసాలు పగిలాయి.

"ఆఫీసరయ్య చెప్పినాడమ్మా," అంది కత్తి పట్టుకున్నామె, బెదిరిపోయి.

ఫోను చెవి దగ్గర పెట్టుకుని దామోదరం పరిగెత్తుకొచ్చాడు. "అక్కా! నువ్వెందుకొచ్చావు ఈడికి? అరవొద్దు, అరవొద్దు. రేపు కమిటీ వస్తావుంది."

"ఏంది దామోదరం ఈ పని?"

"ఏందంటే? వరండా పొడుగూతా బ్రాందీ సీసాలు! ఇది యూనివర్సిటీనా, వైన్‌షాపా? వాళ్ళ కంట బడితే ఒక్క మార్కు మిగల్దు."

"లోపల ఏముందో అడిగావా?"

"అడిగినా అక్కా. నీళ్ళు! ఉత్త నీళ్ళు! ఏదో మందో మాకో అయితే నేనే దాచిపెడుదును. మళ్ళీ పట్టుకోండి. మీ బావులు యాడికి పోతాయి?"

ఇంకా మూత తియ్యని సీసా ఒకటి గడ్డిలో పడి ఉంది. తీసి అతని చేతిలో పెట్టాను. "చదువు."

చదివాడు. మళ్ళీ చదివాడు. "మా ఇంటి పేరుండాదేంది?"

"మీ ఇంటి బోరు నీళ్ళు. అలివేలు నెలనెలా పంపిస్తోంది."

"ఈ సీసా?"

"సీసా కూడా మీ ఇంటిదే నాయనా. నువ్వు ఖాళీ చేసిందే."

కూలి ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దామోదరం అటూ ఇటూ చూసి, సీసాని ప్యాంటు జేబులో దోపుకున్నాడు. మళ్ళీ ఫోను మోగింది. "వస్తున్నా సార్, అయిపోయింది సార్, క్లీన్ సార్," అంటూ వెళ్ళిపోయాడు.

నేను తోరణం దగ్గరికి పరిగెత్తాను. నాగశ్రీ పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని బంతిపూల రేకులు ముగ్గులో సర్దుతోంది. నా మొహం చూసి రేకులు అక్కడే వదిలేసి నా వెంట వచ్చింది.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గడ్డిలో కూర్చుని తడి కాగితం ఒకటి తీసి విప్పింది. సిరా అలుక్కుపోయింది. ఇంకొకటి తీసింది.

"పోనీలే అమ్మా," అన్నాను, ఏమనాలో తెలియక. "మళ్ళీ పడదాం. ఈ సాయంత్రమే మొదలుపెడదాం. వీధంతా నీ వెనక ఉంది."

"నిరుడు ఎండల్లో మీ బావిలో ఉన్న నీళ్ళు ఇవాళ తోడితే వస్తాయాండీ పిన్నిగారూ?" అంది.

అప్పటికి గాని నాకు తలకెక్కలేదు. నేనూ దామోదరం మాటే అన్నాను. బావి అక్కడే ఉంటుంది. నీళ్ళు ఉండవు. ఆ ఏడు, ఆ నెల, ఆ పోటుకి వచ్చిన నీళ్ళు ఆ సీసాలో మాత్రమే ఉన్నాయి. ఇక ఎంత డబ్బు పోసినా, ఏ కమిటీ సంతకం పెట్టినా అవి రావు.

*

కమిటీ వచ్చిన మొదటిరోజు మధ్యాహ్నం మా కొట్టు ముందు యూనివర్సిటీ కారు ఆగింది. దామోదరం, ప్రొఫెసరు హర్షవర్ధన్ దిగారు. వెనకాల వ్యానులోంచి అట్టపెట్టెలు దించుతున్నారు.

దామోదరం నా స్టూలు మీద కూర్చుని మొహం తుడుచుకున్నాడు. "అక్కా, నువ్వే కాపాడాల. కమిటీ ఛైర్మన్ మా రిపోర్టు అంతా తిప్పేసి ఒక్క లైను దగ్గర ఆగిపోయినాడు. కురుచికుప్పం ఆడోళ్ళు తామే నీళ్ళు పట్టి ఇస్తున్నారని ఉండాదే, ఆ లైను. రేపు పొద్దున ఆ సీసాలు చూడాల, ఆ ఆడోళ్ళని చూడాల అంటాడు."

"చూపించు. పచ్చికలో ఉన్నాయిగా."

"ఎత్తిపొడిచేదానికి ఇదా టైము?" అని ఒక పెట్టె విప్పాడు. లోపల కొత్త గాజు సీసాలు. నున్నగా, తళతళా, ఒక్కోదాని మీద యూనివర్సిటీ ముద్ర.

"ఇన్నాళ్ళూ లేని సీసాలు ఒక్కపూటలో ఎట్టా వచ్చినాయి?"

"అది వేరే హెడ్డు, వేరే ఖాతా అక్కా. ఇది కమిటీ ఖర్చు."

అతను చెప్పుకుపోయాడు. మా ఆడవాళ్ళు కొళాయి నీళ్ళు నింపిపెడితే చాలు. నాగశ్రీ పాత నెలలు, పాత తేదీలు రాసి కాగితాలు అంటిస్తుంది. రేపు హాల్లో బల్లల మీద పేరుస్తారు. ఛైర్మన్ చూస్తాడు, ఫొటో తీస్తారు, అయిపోయింది. నాగశ్రీకి గడువు పొడిగించే కాగితం తనే దగ్గరుండి నడిపిస్తాడు.

నాగశ్రీ మెట్ల మీద నిలబడి వింటోంది. ప్రొఫెసరు ఆమె వైపు చూడకుండా కొవ్వొత్తుల డబ్బా వైపు చూస్తూ అన్నాడు. "మార్కులు తగ్గితే గ్రాంటు ఇంకా కోసేస్తారమ్మా. ఖాళీ పోస్టులు రద్దయిపోతాయి. నా వెనక డిపార్ట్‌మెంటుకి తాళం పడుతుంది. నీ తర్వాత వచ్చే పిల్లలకి ఆ చెడిపోయిన యంత్రం కూడా ఉండదు. నేను నిన్ను చెయ్యమని చెప్పడం లేదు. చెప్పగలిగే మొహం నాకు లేదు."

బయట ఎవరో సబ్బుబిళ్ళ అడిగితే లేదన్నాను, ఉన్నా.

"లేబుళ్ళు నేను రాస్తాను సార్," అంది నాగశ్రీ.

దామోదరం ఊపిరి వదిలాడు. "బంగారు తల్లివి!" అన్నాడు. కారు వెళ్ళిపోయింది.

నేను ఆమె మీద విరుచుకుపడ్డాను. "ఏంది పిల్లా, నీకు బుద్ధుందా? కొళాయి నీళ్ళు పోసి నిరుటి తేదీ రాస్తావా? ఆ కాగితం ముక్క కోసం ఊరందరికీ అబద్ధం చెబుతావా? రేపెవరో అది చూసి ఈ వీధికి ఉప్పు రాలేదంటే, ఈ ఆడోళ్ళు ఏ నీళ్ళు తాగాల?"

"లేబుళ్ళు రాస్తానన్నానండి. నీళ్ళు పోస్తానన్లేదు కదా," అంది నాగశ్రీ.

అప్పుడే వచ్చి వింటున్న తాయమ్మాళ్ గంప దించి, నడుం మీద చేతులు పెట్టుకుని ఆ పిల్లని కిందినుంచి పైదాకా చూసింది. "అక్కా, ఈ పాప మన వీధి పిల్లే. యానాం కాదు," అంది.

*

మర్నాడు హాల్లో తెల్లగుడ్డ పరిచిన బల్లలు. వాటి మీద సముద్రం వైపునుంచి ఇందిరా నగర్ దాకా, ఇంటి వరస తప్పకుండా, నెల వరస తప్పకుండా నాగశ్రీ సీసాలు పేర్చింది. ప్రతి దానికీ కాగితం ఉంది. ప్రతి దానికీ మూత ఉంది. వాటి ముందు మేము నిలబడ్డాం. అలివేలు కూడా వచ్చింది, మొగుడి వైపు చూడకుండా.

ఛైర్మన్ ఉత్తరాది పెద్దమనిషి. మెల్లగా నడుచుకుంటూ వచ్చి, మా అందరికీ చేతులు జోడించాడు. అతని వెనక రిజిస్ట్రారు, అతని వెనక దామోదరం, పక్కన ఫొటోలవాడు. గబగబా ఫొటోలు పడ్డాయి. తర్వాత ఛైర్మన్ ఒక సీసా చేతికి తీసుకున్నాడు. తేలిగ్గా లేచిపోయింది. వెలుతురుకి పెట్టి చూశాడు. ఇంకోటి తీశాడు. అన్నీ ఖాళీ. ఆఖరి వరసలోవి మాత్రమే నిండుగా ఉన్నాయి. అవి ఆ పొద్దున తోడినవి.

ఇంగ్లీషులో ఏదో అడిగాడు. నాగశ్రీ ఇంగ్లీషులోనే జవాబు చెప్పింది. తలవంచుకోలేదు, గొంతు పెంచలేదు. వరండా వైపు చెయ్యి చూపించింది, పచ్చిక వైపు చూపించింది. దామోదరం గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. రిజిస్ట్రారు మొహం నల్లబడింది.

ఛైర్మన్ నా వైపు తిరిగాడు. ప్రొఫెసరు హర్షవర్ధన్ తెలుగు చేసి చెప్పాడు. "ఈ కార్యక్రమం వల్ల మీకు కలిగిన లాభమేమిటని అడుగుతున్నారమ్మా."

"లాభమా?" అన్నాను. "అయ్యా, నేను కొట్టు నడుపుతాను. రోజూ తలుపు తీస్తేనే అది కొట్టు. ఒక ఏడు తీసి, రెండేళ్ళు మూసి, మీరొచ్చినప్పుడు ముందు రంగులేసి పెడితే దాన్ని కొట్టంటారా? మీరు గోడలకిస్తారు, మనుషులకివ్వరు. కట్టడానికిస్తారు, నడపడానికివ్వరు. ఈ పిల్ల జీపు లేకపోతే నడిచింది, సీసా లేకపోతే మా ఇళ్ళ ఎంగిలి సీసాలు ఏరుకుంది. అయినా ఒక్క నెల ఆపలేదు. ఆపింది మీ తోరణం. మార్కులేసేటప్పుడు ఆ తోరణానికి ఎన్ని, మా నీళ్ళకి ఎన్ని, అది మాత్రం నాకు చెప్పి పోండి."

ప్రొఫెసరు సగం మింగేస్తాడనుకున్నాను. కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మొదలుపెట్టాడు. నేను చెప్పినదానికంటే ఎక్కువసేపు చెప్పాడు. నాకు అందిన మాటలు కొన్నే. బిల్డింగ్, గ్రాంట్, పోస్ట్. చివరికొచ్చేసరికి ఆ నెమ్మదైన మనిషి గొంతు హాలంతా వినబడింది.

ఛైర్మన్ సీసాని బల్ల మీద ఎక్కడిదక్కడ పెట్టాడు. "వెరీ అన్‌ఫార్చునేట్," అన్నాడు. అది నాకూ అర్థమైంది. ఏదో రాసుకున్నాడు. రిజిస్ట్రారు వంగి, భోజనం సిద్ధంగా ఉందన్నాడు. అందరూ వెళ్ళారు.

*

మార్కులు బాగానే వచ్చాయట. తోరణానికి, పచ్చికకి, సోలారు దీపాలకి బాగా పడ్డాయట. ఆ ఏడు గ్రాంటు కూడా వచ్చింది. నీటి పరిశోధనకి ఒక కొత్త భవనం కట్టడానికి. రాతిపలక అప్పుడే వేసేశారు. దుప్పటి కప్పిన యంత్రం మాత్రం అట్లాగే ఉంది, దాన్ని బాగుచేసే ఖాతాలో డబ్బు లేదు. ప్రొఫెసరు రిటైరయ్యాడు. ఆ కుర్చీలో ఎవరినీ వెయ్యలేదు.

నాగశ్రీ ఫెలోషిప్ అయిపోయింది. గడువు పొడిగింపు కాగితాన్ని దామోదరం నడిపించలేదు. ఎందుకు నడిపిస్తాడు? ఆ పిల్ల ఇప్పుడు ఒక ప్రైవేటు బళ్ళో లెక్కలు చెబుతోంది. యానాం వెళ్ళిపోమంటే వినదు. అమావాస్యనాడు సెలవు పెట్టి చేద పట్టుకుని దిగుతుంది. ముద్ర వేసిన కొత్త సీసాలకి మూతలు బిర్రుగా పట్టవు, నీళ్ళు కారిపోతాయి. అందుకని తాయమ్మాళ్ మళ్ళీ ఇంటి సీసాలే తోముతోంది. మొదటి వరస మా మేడ మెట్ల కింద పేరుస్తున్నాం. కొట్టులో అమ్మేదానికంటే ఎక్కువ కొవ్వొత్తులు సీసాలకే కరిగిపోతున్నాయి.

యూనివర్సిటీ బస్‌స్టాపులో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. సమాజంతో కలిసి సుస్థిర అభివృద్ధి అని రాసి, కింద మా ఫొటో వేశారు. మేమంతా బల్ల వెనక నిలబడి ఉన్నాం, ముందు వరసలు వరసలుగా సీసాలు. గాజు సీసా కదా, ఫొటోలో ఖాళీదీ నిండిందీ ఒక్కలాగే కనబడుతుంది. చూసినవాళ్ళు అన్నిట్లోనూ నీళ్ళున్నాయనే అనుకుంటారు.

అటు పని లేకపోయినా వారానికోసారి ఆ స్టాపులో దిగుతాను. బస్సు కోసం నిలబడ్డ పిల్లల్ని, వాళ్ళని దింపడానికి వచ్చిన తండ్రుల్ని ఆపి, ఫ్లెక్సీ మీద వేలు పెట్టి చూపిస్తాను. "ఇది నేను. ఇదిగో ఈ సీసాలు. వీటిల్లో ఏమీ లేదు, బాగా చూడండి."